ఏ మాత్ర వేసుకోవాలి

పిచ్చేశ్వరరావు గారు ఫోన్ చేస్తే హలో అనరు. తన మనసులో అప్పటికే సగం నడిచిపోయిన సంభాషణలోకి అవతలి మనిషిని లాగేస్తారు. ఆ రోజూ అంతే. జ్యోతిర్మయి బందరు కోనేరు సెంటర్లో పెడన ఆటో ఎక్కబోతుంటే ఫోన్ మోగింది.

"అయితే నీ పేరు ముందు, నా పేరు చివర. మధ్యలో ఎవరిని పెట్టాలో నువ్వే చూసుకో," అన్నారాయన.

ఆయన మాట తీరు తెలిసిన మనిషి కాబట్టి జ్యోతిర్మయికి వెంటనే అర్థమైంది. ప్రాజెక్టు వచ్చింది. ఆటోవాడు ఎక్కుతారా లేదా అని అడుగుతున్నా వినిపించుకోకుండా రోడ్డు పక్కనే నిలబడిపోయింది.

జ్యోతిర్మయి బందరు మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ అసిస్టెంట్ ప్రొఫెసర్. వాళ్ల నాన్న పెడనలో కలంకారీ బట్టల మీద అచ్చులు వేస్తాడు. ఆ ఇంట్లో మొదటి డాక్టరు ఈమే. అయితే ఆమె దగ్గరికి రోగులెవరూ రారు. ఆమె చేసేదంతా సర్వేలు, లెక్కలు, పాఠాలు. వాళ్లమ్మకి ఇది ఎప్పటికీ మింగుడుపడలేదు. మీ అమ్మాయి ఎక్కడ ప్రాక్టీసు అని ఎవరైనా అడిగితే, కంప్యూటర్లోనే అని చెప్పి ఊరుకునేది.

పిచ్చేశ్వరరావు గారు ఆమెకు పాఠం చెప్పిన గురువు. రిటైరయి గుడివాడలో సొంతింట్లో ఉంటున్నారు. మంచి భోజనం, మంచి వాదన, ఈ రెండూ లేని రోజు ఆయనకు రోజు కాదు. తన పేరు మీద ఏదో ఒకటి మిగలాలన్న కోరిక కూడా ఉంది. అది ఆయన దాచుకోలేదు. దాచుకోవడం ఆయన వల్ల కాదు కూడా.

వచ్చిన ప్రాజెక్టు ఒక సిస్టమాటిక్ రివ్యూ. అంటే కొత్తగా రోగుల మీద పరిశోధన చెయ్యడం కాదు. ఒక ప్రశ్న మీద ప్రపంచంలో ఎక్కడెక్కడ ఏ పరిశోధనలు జరిగాయో అన్నీ వెతికి పట్టుకుని, గట్టివాటినీ డొల్లవాటినీ వేరు చేసి, అన్నీ కలిపి చూస్తే ఏం తేలుతోందో చెప్పడం. ప్రశ్న ఏమిటంటే, ట్రాన్స్ మహిళలు వాడే హార్మోన్ల వల్ల ఎంత మేలు, ఎంత కీడు. డబ్బిచ్చేది సంజీవిత ఫౌండేషన్. ఆ ఫౌండేషన్ వెనక ఒక మందుల కంపెనీ ఉంది. ఆ సంగతి వాళ్లేం దాచలేదు. జ్యోతిర్మయి కూడా ముందే ఒక షరతు రాయించుకుంది. చిత్తు ప్రతి చూసి సలహా చెప్పచ్చు గానీ ఫలితాల జోలికి రాకూడదని. ఫౌండేషన్ తరఫున వచ్చిన ఉమాశంకర్ అనే ఆయన నవ్వుతూ సంతకం పెట్టాడు. ముప్పై అయిదేళ్లుంటాయి, మెత్తటి గొంతు, ఎంత చిన్నవాళ్లనైనా అండీ అనే పిలుస్తాడు. జ్యోతిర్మయికి నచ్చాడు కూడా.

పని మొదలుపెట్టే ముందు, ఆ మందులు వాడేవాళ్లనే అడుగుదామని ఆమె దివిసీమ వెళ్లింది. నాగాయలంకలో కుమారి అనే ట్రాన్స్ మహిళ ఉంది. ఎండుచేపలు, పీతలు కొని అమ్మే వ్యాపారం. చుట్టుపక్కల ఊళ్లలోని తన లాంటివాళ్లందరికీ ఆవిడే పెద్దదిక్కు. అంతకుముందు ఏదో ఆరోగ్య సర్వేలో పరిచయమైంది. భోంచేస్తేనే జవాబులు చెబుతానని అప్పుడు మొండికేసింది. ఆ రోజు నుంచీ జ్యోతిర్మయి ఆవిణ్ణి అక్కా అని పిలుస్తుంది.

కుమారి ఇంట్లో ఏడెనిమిది మంది కూర్చున్నారు. ఎవరికి తోచింది వాళ్లు అడిగారు. చివర్లో కుమారి అంది. "అన్నీ హార్మోన్లే అంటారు. మావాళ్లు మందుల షాపులో ఏది ఇస్తే అది మింగుతున్నారు. హైదరాబాదు వెళ్లొచ్చినవాళ్లేమో ఒంటికి రాసుకునే జెల్ అంటారు. ఇంకొకళ్లు ఇంజెక్షనంటారు. వీటిలో ఏది మంచిదో అది చెప్పండి, మాకు చాలు."

ఆ మాట జ్యోతిర్మయి అలాగే పట్టుకుంది. మాత్రలు, జెల్లు, ఇంజెక్షన్లు దేనికది విడిగా చూస్తామని పని ప్రణాళికలో రాసి, ఎవరైనా చూడగలిగేలా ముందే నమోదు చేసింది. రివ్యూలకు అది నియమం. జవాబు చూశాక ప్రశ్న మార్చకుండా అదొక కట్టుబాటు.

ఆ ఎండాకాలమంతా ఇద్దరూ జల్లెడ పట్టారు. ఒకే వ్యాసాన్ని ఆవిడ బందరులో, ఆయన గుడివాడలో, ఒకరికొకరు చెప్పుకోకుండా చదివి, తీసుకోవాలో వద్దో విడివిడిగా తేల్చి, తర్వాత ఫోన్లో పోట్లాడుకునేవారు. పిచ్చేశ్వరరావు గారు చేపల బజారులో నిలబడి కూడా పోట్లాడేవారు. బొమ్మిడాయిల బేరానికీ పరిశోధనా పద్ధతికీ మధ్య ఆయన గొంతు అస్సలు మారేది కాదు. ఒక్కో పరిశోధనకి డబ్బెవరిచ్చారో కూడా రాసుకోవాలి. మందు తయారుచేసే కంపెనీ డబ్బుతో జరిగిన పరిశోధన కనిపిస్తే ఆయనకు పండగే. "అంపైర్ని కూడా వీళ్లే తెచ్చుకున్నారమ్మాయ్," అని నవ్వేవారు.

వర్షాలు పడేసరికి లెక్క తేలింది. హార్మోన్లు వాడాక మనసుకు ఊరట కలుగుతోందని చాలా పరిశోధనలు చెబుతున్నాయి. కానీ అవి చిన్నవి, కొద్దికాలం మాత్రమే నడిచినవి. అందువల్ల ఆ మాటను గట్టిగా నొక్కి చెప్పలేని పరిస్థితి. రెండో సంగతి మాత్రం ఇంకొంచెం స్పష్టంగా ఉంది. గర్భనిరోధక మాత్రల్లో వేసే పాత రకం ఈస్ట్రోజెన్ హార్మోన్ వాడినవాళ్లలో కాళ్ల రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టడం ఎక్కువ. జెల్లు, ఒంటికి అంటించుకునే ప్యాచీలు వాడినవాళ్లలో అంత లేదు. ఇంజెక్షన్ల గురించి తేల్చడానికి సరిపడా పరిశోధనలు దొరకలేదు.

జ్యోతిర్మయి కంప్యూటర్లో ఆ ఫలితాల బొమ్మ గీసి చూసుకుంది. మాత్రల గీత ఒక పక్క, జెల్ గీత ఇంకో పక్క. కుమారి అడిగిన దానికి జవాబు. ఆమెకు చాలా సంతోషమైంది. అంత సంతోషంలోనూ ఒక సంగతి మనసులో మెదిలింది. ఆ పాత రకం మాత్రను ఈ చుట్టుపక్కల ఎక్కువగా అమ్మేది, ఫౌండేషన్ వెనక ఉన్న ఆ కంపెనీయే.

చిత్తు ప్రతి పంపిన కొద్దిరోజులకు ఉమాశంకర్ గుడివాడ వచ్చాడు. పిచ్చేశ్వరరావు గారింట్లో భోజనం. గుత్తివంకాయ, మామిడికాయ పప్పు, మెంతి మజ్జిగ. ఉమాశంకర్ వంకాయను మెచ్చుకున్నాడు, రివ్యూని మెచ్చుకున్నాడు, మళ్లీ వంకాయను మెచ్చుకున్నాడు. అన్నం రెండోసారి వడ్డిస్తుండగా అసలు మాటకొచ్చాడు.

"ఇన్ని ముక్కలుగా విడగొడితే చదివేవాళ్లకి అర్థం కాదేమోనండి. హార్మోన్లన్నీ కలిపి ఒకటే ఫలితం చూపిస్తే శుభ్రంగా ఉంటుంది."

కలిపితే ఏమవుతుందో జ్యోతిర్మయికి తెలుసు. ఆ పరిశోధనల్లో జెల్ వాడినవాళ్లు ఎక్కువమంది. వాళ్లలో మాత్రలవాళ్లని కలిపేస్తే ప్రమాదం పలచబడిపోయి కనిపించకుండా పోతుంది. దేనికది విడిగా చూస్తామని ముందే రాశామండి, ఇప్పుడు మారిస్తే ఫలితం చూశాక మార్చామని కూడా రాయాల్సి వస్తుంది అని చెప్పింది. అంత అవసరం లేదన్నాడతను. అయితే ఈ సలహా మెయిల్లో పంపండి, జవాబు కూడా మెయిల్లోనే ఇస్తాను అంది.

"భోజనాల దగ్గర మాటలకి మెయిళ్లెందుకు మేడమ్," అని అతను నవ్వాడు.

తర్వాత గొంతు ఏమాత్రం మార్చకుండా ఇంకో రెండు కబుర్లు చెప్పాడు. అవనిగడ్డలో ట్రాన్స్‌జెండర్లకు ఉచిత క్లినిక్ పెట్టే ప్రతిపాదన ఫౌండేషన్ బోర్డు ముందుకు వెళ్లబోతోందట. మందులు కూడా కంపెనీయే ఉచితంగా ఇస్తుందట. గుడివాడలో పిచ్చేశ్వరరావు గారి పేరు మీద పరిశోధనా కేంద్రం పెట్టాలని కూడా అనుకుంటున్నారట. రివ్యూ ఎలా వస్తుందో చూసి రెండూ ఒకేసారి తేలుస్తారట.

జ్యోతిర్మయి గురువు గారి వైపు చూసింది. ఆయన మజ్జిగ పోసుకుంటూ, విస్తరి మీది నుంచి తల ఎత్తకుండా, "చూద్దాం లెండి," అన్నారు.

ఆ 'చూద్దాం' ఆమెను చాలా రోజులు వెంటాడింది. ఆయన సిగ్గుపడుతూ అన్నట్టు ఉంది, ఆశపడుతూ అన్నట్టూ ఉంది.

వారం తిరక్కుండా ఆయన ఒక మధ్యేమార్గం కనిపెట్టారు. కలిపిన ఫలితాన్ని వ్యాసంలో ముందు పెడదాం, విడివిడి ఫలితాలని చివర అనుబంధంలో పెడదాం, అబద్ధమూ ఆడినట్టు కాదు, క్లినిక్కూ ఆగదు అన్నారు. అనుబంధాలు ఎవరు చదువుతారు సార్ అని ఆమె అడిగింది. నేను చదువుతానుగా అన్నారాయన.

నిజం చెప్పాలంటే ఆమెకూ ఆశ పుట్టింది. ప్రమోషన్ ఇంటర్వ్యూ దగ్గరపడుతోంది. ఆ వ్యాసం లేకపోతే ఇంకో ఏడాది ఆగాలి. ఒక ఆదివారం పెడనలో, వరండాలో కూర్చుని, ఊరికే చూద్దామని అన్నీ కలిపి బొమ్మ గీయించింది. ఎంతో అందంగా వచ్చింది. ఒకే గీత, ఒకే చుక్క, ఎక్కడా గజిబిజి లేదు. పత్రికవాళ్లు అడగకుండానే అచ్చేసుకునేంత బాగుంది. దాన్ని చూస్తూ చాలాసేపు కూర్చుంది. తర్వాత ఆ ఫైలు తీసేసింది. తీసేశాక మనసు తేలికపడుతుందనుకుంది గానీ అలా ఏమీ కాలేదు. క్లినిక్ పోతుందన్న దిగులు అలాగే ఉంది.

ఆ దిగులుకు తగ్గట్టే కుమారి ఫోన్ చేసింది. ఉమాశంకర్ నాగాయలంక కూడా వెళ్లొచ్చాడట. మేడం గారు కాస్త పట్టు విడిస్తే క్లినిక్ వచ్చేస్తుందని చెప్పాడట.

"మా క్లినిక్కు నువ్వెవరు డాక్టరమ్మా అడ్డం?" అంది కుమారి. గొంతులో చనువేం లేదు. "జొరమొచ్చి ఆసుపత్రికి వెళ్తే ఆడవాళ్ల లైన్లో నిలబడాలో మగవాళ్ల లైన్లో నిలబడాలో తేల్చేలోపే ఓపీ మూసేస్తారు మాకు. ఇన్నాళ్లకి ఒకడొచ్చి తలుపు తీస్తానంటే నీకేం నొప్పి?"

జ్యోతిర్మయి చెప్పబోయింది. ఫలితాలు ఇంకా ఒకసారి సరిచూసుకోవాలనీ, అచ్చు కాకముందు బయట చెప్పద్దనీ గురువు గారు గట్టిగా చెప్పి ఉన్నారు. అందుకని, కొన్నాళ్లాగు అక్కా అని మాత్రమే అంది. కుమారి ఫోన్ పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

రెండు రోజులు ఆలోచించి జ్యోతిర్మయి గుడివాడ వెళ్లింది. గురువు గారితో వాదించలేదు. "సార్, ఈ ప్రశ్న వేసింది నాగాయలంక వాళ్లు. జవాబు కూడా అచ్చయ్యేదాకా ఆగకుండా మనమే వెళ్లి చెప్పాలి కదా. మీరు అనుకున్న పద్ధతిలోనే, అన్నీ కలిపి, మీరే చెప్పండి. నేను పక్కన కూర్చుంటాను," అంది. ఆయన కొంచెం అనుమానంగా చూశారు. పీతల పులుసు ఉంటుందా అని అడిగారు. అడుగుతాను సార్ అంది. ఈసారి కుమారి ఫోన్ ఎత్తి, సరే రమ్మంది. బయల్దేరారు.

చల్లపల్లి, మోపిదేవి దాటి, పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటేదాకా ఆయన కారులో హుషారుగానే ఉన్నారు. చేలో నాట్లు చూసి ఈ ఏడు నీళ్లు బాగున్నాయన్నారు. చెప్పబోయే మాటలు ఒకసారి పైకి చెప్పుకుని చూసుకున్నారు. మొత్తం మీద ప్రమాదం తక్కువ, వైద్యుల పర్యవేక్షణలో వాడుకోవచ్చు. బాగానే ఉందిగా అన్నారు.

కుమారి ముభావంగానే లోపలికి రమ్మంది. పెద్దాయనకి కుర్చీ వేసింది. పీతల పులుసు మాత్రం చేసింది, కోపం మనుషుల మీదే గానీ భోజనం మీద కాదు. ఆయన తిని, చెయ్యి కడుక్కుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టారు. వందల వ్యాసాలు చదివామన్నారు, ఎలా జల్లెడ పట్టామో చెప్పారు. అందరూ బుద్ధిగా విన్నారు. హార్మోన్లన్నీ కలిపి చూసుకుంటే అన్నదాకా వచ్చారు.

అప్పుడు నాగలక్ష్మి అనే ఆవిడ చెయ్యెత్తింది. కోడూరులో టైలరింగు చేస్తుంది, మాటకారి కాదు. పర్సులోంచి మాత్రల అట్ట తీసి ఆయనకు చూపించింది.

"నేనిదేనండి వేసుకునేది. రోజుకి నాలుగు. వేసుకోవచ్చాండి?"

పిచ్చేశ్వరరావు గారు కళ్లజోడు పైకి జరుపుకుని అట్ట మీది పేరు చదివారు. చదవడమే తరువాయి, ఆయన నోటి నుంచి మాట వచ్చేసింది.

"ఇదొద్దమ్మా. ఇది రక్తం గడ్డకట్టిస్తుంది. నాలుగు అస్సలొద్దు. నీకు సిగరెట్టు అలవాటుందా? కాళ్లు వాస్తున్నాయా?"

అని ఆగిపోయారు. తానేమన్నారో అప్పుడు ఆయనకే వినిపించింది. జ్యోతిర్మయి చేతులు ఒళ్లో పెట్టుకుని, నేలవైపు చూస్తూ కూర్చుంది. ఆమెకు నవ్వు రాలేదు, గెలిచానన్న ఊహా రాలేదు. గురువు గారిని చూస్తే జాలేసింది, ఆయనంటే ఇష్టం కూడా ఎక్కువైంది.

అక్కడున్నవాళ్లు ఒక్కొక్కరే అట్టలు బయటికి తీశారు. అందరిదీ దాదాపు అదే మాత్ర. కుమారి పెట్టెలోంచి కూడా అదే వచ్చింది. అట్టలన్నీ చాప మీద పరిచి ఉన్నాయి. అప్పుడు జ్యోతిర్మయి అసలు సంగతి చెప్పింది. లెక్కలో ఏం తేలిందో, ఉమాశంకర్ ఏం మార్చమన్నాడో, ఆ కంపెనీ ఉచితంగా ఇస్తానన్న మందు ఏదో.

కుమారి తన అట్టని చాప మీద నుంచి తీసి చేతిలో పట్టుకుంది. జ్యోతిర్మయి అనుకున్నట్టు మెచ్చుకోలేదు.

"సరే, ఇదొద్దన్నారు. బాగానే ఉంది. మరి ఏది వేసుకోవాలి? ఎవరిస్తారు? ఇది మానేస్తే ఒంట్లో ఏదో పరాయి మనిషి వచ్చి కూర్చున్నట్టుంటది మాకు. గడ్డం మొలుస్తుంది, నిద్ర పట్టదు. మీరు వద్దు అని చెప్పి కారెక్కి వెళ్లిపోతారు. మేం మళ్లీ అదే షాపుకి పోతాం."

పిచ్చేశ్వరరావు గారు ముందు నాలుగు మాత్రల్ని తగ్గించమని, అందరూ వచ్చి పరీక్షలు చేయించుకోమని, ఒక్కసారిగా దేన్నీ మానొద్దని చెప్పారు. ఎక్కడికి రావాలి అని కుమారి అడిగింది. బందరు అన్నారు. ఆ మాట అన్నాక దాన్ని నిలబెట్టుకోక తప్పని స్థితిలో పడ్డారు.

తిరుగు ప్రయాణంలో చల్లపల్లి దాటుతుండగా ఆయన ఫోన్ తీసి ఉమాశంకర్‌కి చేశారు. హలో అనలేదు.

"కలపడం కుదరదు బాబూ. విడివిడిగానే వెళ్తుంది. నువ్వు కలపమన్నావని కూడా అందులో వెళ్తుంది. ఆ రోజు భోజనాల దగ్గర నేనూ ఉన్నాను, నాకు ఇంకా మతిమరుపు రాలేదు."

అవతల ఉమాశంకర్ ఎంత మర్యాదగా మాట్లాడాడో గానీ, మిగిలిన నిధులు రావని తేల్చేశాడు. క్లినిక్ విషయం బోర్డు మరోసారి ఆలోచిస్తుందన్నాడు. పరిశోధనా కేంద్రం ఊసే ఎత్తలేదు. పిచ్చేశ్వరరావు గారు ఫోన్ జేబులో పెట్టుకుని, ఆ కేంద్రం నేమ్‌బోర్డు మీద నా ఫొటో కూడా వేస్తారేమో అనుకున్నానమ్మాయ్ అన్నారు. జ్యోతిర్మయి నవ్వితే ఆయనా నవ్వారు.

ఇక బందరులో చోటు చూడాలి. పెద్దాసుపత్రి సూపరింటెండెంటు రాజ్యలక్ష్మి గారు ఒకప్పుడు పిచ్చేశ్వరరావు గారి స్టూడెంటే. మనుషులు లేరు, గదులు లేవు, రూల్సు లేవు అని ఆవిడ వరసగా చెప్పుకొచ్చారు. మనుషులకి బదులు మేమిద్దరం కూర్చుంటాం, జనరల్ మెడిసిన్‌లో ఒక్క డాక్టర్ని పక్కన ఇవ్వండి, రక్తపరీక్షలు ఎలాగూ ఇక్కడ చేస్తున్నారుగా అంది జ్యోతిర్మయి. గది మాటేమిటని ఆవిడ అడిగారు. టీకాల గది మధ్యాహ్నం ఖాళీగా ఉంటుందన్నారు పిచ్చేశ్వరరావు గారు. మీకెలా తెలుసని అడిగితే, ఇక్కడ పనిచేసినప్పుడు అందులో నేనే నిద్రపోయేవాణ్ణి అన్నారు. రాజ్యలక్ష్మి గారు ఆఖరికి గురువారం మధ్యాహ్నాలు ఇచ్చారు. మూణ్ణెల్లు చూస్తానన్నారు.

వ్యాసం తుది రూపానికి వచ్చాక జ్యోతిర్మయి మళ్లీ నాగాయలంక వెళ్లి అంతా తెలుగులో చదివి వినిపించింది. కుమారి ఒక చోట ఆపింది. మేలు గురించిన ఆధారాలు ఇంకా బలంగా లేవు అన్న వాక్యం దగ్గర.

"ఆ ముక్క తీసెయ్యి. మేమంటే పడనివాళ్లు దాన్నే పట్టుకుని అంతా మూసెయ్యమంటారు. నాకు మేలైంది. వీళ్లందరికీ మేలైంది. రాయి."

జ్యోతిర్మయికి ఇది ఉమాశంకర్ అడిగినదాని కన్నా కష్టంగా తోచింది. అతని మీద ఆమెకు ప్రేమేం లేదు. ఈవిడ మీద ఉంది. ఈవిడ చెప్పే భయం కూడా నిజమే.

"తియ్యలేను అక్కా. ఆ ఉమాశంకర్ మార్చమంటే మార్చలేదుగా. నువ్వడిగావని తీస్తే, రేపు మాత్ర గురించి రాసింది కూడా ఎవరూ నమ్మరు. పక్కన ఇంకోటి రాస్తాను చూడు. సరిపడా పరిశోధనలు జరగలేదు అంటే మందు పనిచెయ్యదని అర్థం కాదు, చెయ్యాల్సిన పరిశోధన ఇంకా ఎవరూ చెయ్యలేదని అర్థం. వైద్యం ఆపడానికి దీన్ని కారణంగా చూపకూడదు. ఇది పెద్దక్షరాల్లోనే వేయిస్తాను."

కుమారికి నచ్చలేదు. కానీ వెళ్లేటప్పుడు పొట్లంలో ఎండురొయ్యలు కట్టిచ్చింది.

ఆ చలికాలం వ్యాసం అచ్చయింది. నిధుల గురించి చెప్పే చోట, మొదట డబ్బు ఎవరిచ్చారో, ఫలితాలు చూశాక ఏం మార్చమన్నారో, ఒప్పుకోకపోతే ఏమైందో, అన్నీ నాలుగు వాక్యాల్లో ఉన్నాయి. పత్రికవాళ్లు దాన్ని కుదించమన్నారు, పిచ్చేశ్వరరావు గారు ఒక్క కామా కూడా వదల్లేదు. ప్రమోషన్ ఇంటర్వ్యూ అప్పటికే అయిపోయింది. ఆ ఏడు జ్యోతిర్మయికి రాలేదు. వాళ్లమ్మ మాత్రం, రోగుల్ని చూస్తున్నావటగా గురువారాలు, ఇంకేం ప్రమోషను అంది.

అచ్చయిన వారానికి ఒక దినపత్రిక జిల్లా పేజీలో హార్మోన్లు ప్రమాదకరమని తేల్చిన వైద్యులు అని శీర్షిక పెట్టేసింది. జ్యోతిర్మయి తల పట్టుకుంది. ఆమె కన్నా ముందే కుమారి ఆ విలేకరికి ఫోన్ చేసింది. తెల్లారి మళ్లీ చేసింది. సవరణ వేసేదాకా చేస్తూనే ఉందట. వ్యాసంలోని ఆ పెద్దక్షరాల వాక్యాన్ని ఫోన్లో ఆవిడే చదివి రాయించిందని తర్వాత తెలిసింది.

అవనిగడ్డ క్లినిక్ రాలేదు. ఫౌండేషన్ ఇంకెవరో బృందాన్ని పట్టుకుని అన్నీ కలిపేసిన రివ్యూ ఒకటి తెచ్చింది. రంగుల్లో, నున్నటి కాగితం మీద. పిచ్చేశ్వరరావు గారు దాన్ని రెండుసార్లు చదివి, విమర్శ రాయడం మొదలుపెట్టారు. అంత ఉత్సాహంగా ఆయన్ని చూసి చాలా కాలమైందని గుడివాడలో వాళ్లావిడే చెప్పారు.

గురువారాలు మూణ్ణెల్లు దాటి నడుస్తున్నాయి. టీకాల గది బయట బెంచీ మీద దివిసీమ నుంచి వచ్చినవాళ్లు కూర్చుంటారు. గుడివాడ నుంచీ, ఉయ్యూరు నుంచీ కూడా వస్తున్నారు. అవనిగడ్డలో అయితే ఆటోలో అయ్యేది, రెండు బస్సులు మారాల్సి వస్తోందని కుమారి వచ్చిన ప్రతిసారీ సణుగుతుంది. జెల్లు ఆసుపత్రిలో ఒక్కోసారి ఉంటాయి, ఒక్కోసారి ఉండవు. లేనప్పుడు ఆవిడ రాజ్యలక్ష్మి గారి గది ముందు వెళ్లి కూర్చుంటుంది. లేచి రమ్మంటే రాదు.

మొన్న గురువారం నాగలక్ష్మి వచ్చింది. పాత మాత్ర పూర్తిగా మాన్పించి జెల్‌కి మార్చారు. రక్తపరీక్షలు బాగున్నాయి. కొత్తగా కుట్టుకున్న జాకెట్టు వేసుకొచ్చింది, అది బాగుందని జ్యోతిర్మయి అంటే మురిసిపోయింది. లేవబోతూ, "ఇది ఎన్నేళ్లు వాడొచ్చు మేడం?" అని అడిగింది.

"ఇరవై ముప్పై ఏళ్లు వాడితే ఏమవుతుందో సరిగ్గా తెలీదు నాగలక్ష్మీ. అంతకాలం గట్టిగా చూసినవాళ్లు లేరు. ఏటా పరీక్షలు చేయించుకుంటూ ఉంటే, తేడా వస్తే పట్టుకుంటాం."

"అయితే మీరే చూడండి. నేను ఏటా వస్తాను," అని చెప్పి, నాగలక్ష్మి చెప్పులు వేసుకుని వెళ్లింది. జ్యోతిర్మయి ఆ ఫైలు మీద వచ్చే పరీక్షల నెల రాసి, తర్వాతి మనిషిని లోపలికి పిలిచింది.